గూట్లో పెట్టిన లాప్‌టాప్

భువన చేసే పనేమిటో ఎర్రగుంట్లలో ఒకరికి చెప్పి ఒప్పించడం కన్నా ఆ పని చేసెయ్యడమే సులువు. బెంగళూరులో లేవబోయే పెద్ద కట్టడాలకు పునాదిలో, స్తంభాల్లో, దూలాల్లో ఏ ఇనుప కడ్డీ ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ వంగాలి, ఎంత దూరం పోయి ఆగాలి అన్నది కంప్యూటర్లో గీసి పంపుతుంది. ఇక్కడ గీత తప్పితే అక్కడ కడ్డీ తప్పుతుంది. కడ్డీ తప్పితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇంత బాధ్యత ఉన్న పనిని ఆమె అత్త రామసుబ్బమ్మ రెండు మాటల్లో తేల్చేస్తుంది: "బొమ్మలు గీస్తాది."

భువనది ఆదోని పక్క పల్లె. సివిల్ డిప్లొమా చదివింది, బెంగళూరులో ఇదే కంపెనీలో కొంతకాలం పనిచేసింది, సిమెంటు లారీ నడిపే సుబ్బయ్యను పెళ్ళాడి ఎర్రగుంట్లకు వచ్చింది. ఊరిమీద ప్రేమతో వచ్చిందని ఎవరైనా అంటే నవ్వుతుంది. ఎర్రగుంట్లలో అంత మోజుపడేదేముంది? రైలు కూతలు, లారీల హారన్లు, తెల్లచీర ఆరేస్తే సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకు సాయంత్రానికి బూడిదరంగు. కానీ మొగుడు ఇక్కడ ఉన్నాడు, ఇల్లు ఇక్కడ ఉంది, పని కూడా ఇక్కడికే వచ్చి కూర్చుంది. కరోనా కాలంలో ఇంటినుంచి చెయ్యమన్న కంపెనీ ఆ తర్వాత కూడా ఆమెను కదిలించలేదు. బెంగళూరు హాస్టల్లో ఒకే బాత్రూము ముందు బకెట్ పట్టుకుని వరసలో నిలబడ్డ రోజులు మరిచిపోని మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

మొదట్లో ఆమె అత్తవారి పాత ఇంటి సావడిలో, అంటే ముందు హాల్లో, కూర్చుని పనిచేసేది. మట్టి మిద్దె, లావుపాటి రాతిగోడలు, కింద నాపబండల పరుపు. ఒళ్ళో చిన్న పెట్టె పెట్టుకుని గోడకు ఆనుకున్న కోడలు ఎవరి కంటికీ పనిచేస్తున్నట్టు కనబడదు. పైగా కమలాపురం పక్కనున్న తమ చేనికి విత్తనం శెనక్కాయలు ఒలవడానికి ఎండాకాలం మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరేది కూడా ఆ సావడిలోనే. "ఏమ్మే, ఆ పెట్టె రోంతసేపు మూసి నాలుగు కాయలు వొలువు" అనేది రామసుబ్బమ్మ. భువన మూసేది, ఒలిచేది. ఆ మిగిలిపోయిన పనిని తర్వాత ఎప్పుడో నిద్ర చెడగొట్టుకుని చేసుకునేది.

మానిటర్లు వచ్చాక కథ మారింది. ఒకటి కంపెనీ పంపింది. రెండోది సుబ్బయ్య కడపనుంచి తెచ్చాడు. లోడు దించి వచ్చేటప్పుడు లారీ క్యాబిన్లో పక్క సీటు మీద పెట్టుకుని, దుప్పటి చుట్టి, చుట్టాన్ని తీసుకొచ్చినట్టు తెచ్చాడు. అప్పటికే పాత ఇంటికి ఆనించి ఇటుక గోడలతో, కాంక్రీటు కప్పుతో ఒక గది వేసి ఉన్నారు. పాత గోడలకు గూళ్ళున్నాయి కనుక కొత్త గోడకూ ఒకటి ఉండాలని సుబ్బయ్య మేస్త్రీతో పట్టుబట్టి గూడు పెట్టించాడు. దేనికని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. ఇప్పుడు దొరికింది. నల్లబండ పరిచిన బల్లమీద రెండు పెద్ద తెరలు పక్కపక్కన నిలబడ్డాక, ఆ చిన్న లాప్‌టాప్ తెరతో పనేముంది? దాన్ని మూసి గూట్లో పెట్టారు. తీగలు మాత్రం బయటికి వేలాడేవి. సిమెంటు దుమ్ము పడకుండా రామసుబ్బమ్మ పాత దుప్పటి గుడ్డతో దానికి గలీబు కుట్టింది, మిక్సీకి కుట్టినట్టే, తీగలకు కన్నాలు పెట్టి మరీ.

ఆ రోజు నుంచి ఇంటికొచ్చినవాళ్ళు గడప దగ్గరే ఆగడం మొదలుపెట్టారు. రెండు తెరల నిండా ఎర్రగీతలు, పచ్చగీతలు, వాటి ముందు కుర్చీలో చెవులకు ఫోన్ తగిలించుకుని భువన. "లోపల ఆఫీసు జరుగుతాండాది, మెల్లిగా మాట్లాడండి" అని రామసుబ్బమ్మే అందరికీ చెప్పేది. పని అదే, మనిషి అదే, జీతం అదే. మారింది తెరల సైజు. శ్రమకు గౌరవం గురించి సభల్లో బోలెడు మాట్లాడతారు. ఇంట్లో గౌరవం మటుకు శ్రమకు రాదు, శ్రమ కంటికి ఎంత పెద్దగా కనబడితే అంత వస్తుంది. భువనకు ఇది తెలుసు. తెలిసి బాధపడలేదు, వాడుకుంది. గదికి తలుపు ఉన్నా ఆమె ఎప్పుడూ వెయ్యలేదు. తెరలు కనబడాలి కదా.

ఈ ఏడు ఎండలు ముదిరాక గూట్లోంచి మోత మొదలైంది.

లాప్‌టాప్ ఒక్కటే అయితే బాగానే నడిచేది. మానిటర్లు రెండూ తగిలించి, కొత్త కట్టడం బేస్‌మెంట్ త్రీడీ మోడల్ తెరిచి అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టిన కాసేపటికి లోపలి ఫ్యాను ఈల వేసినట్టు కూసేది. ఆపైన మౌస్ బాణం తెరమీద కుంటేది. గీత గీస్తే ఆమె చెయ్యి ఆగిన చాలాసేపటికి గీత వచ్చేది. రెండు పెద్ద తెరలకు బొమ్మ వెయ్యాలంటే లోపలి చిప్పు ఎక్కువ చాకిరీ చెయ్యాలి. చాకిరీ చేస్తే కాగుతుంది. మరీ కాగితే, కాలిపోకుండా తనంతట తానే నడక తగ్గించుకుంటుంది. ఇదంతా భువనకు తర్వాత అర్థమైంది. అప్పటికి అర్థమైందల్లా దావీదురాజు ముందు పరువు పోతోందని.

దావీదురాజు ఆమె టీమ్ లీడర్. ప్రొద్దుటూరు మనిషి, బెంగళూరులో స్థిరపడ్డాడు. చెడ్డవాడు కాదు, కానీ మంచివాడుగా ఉండేంత తీరిక ఆ కుర్చీలో ఎవరికీ ఉండదు.

"భువన గారూ, స్క్రీన్ కదలడం లేదు."

"కదులుతాంది సార్... ఒక్క నిమిషం."

"మీ మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తోంది. అసలు సిస్టమ్ ముందే ఉన్నారా?"

"ఈడే ఉండా సార్. రెండు మానిటర్లు పెడితే మిషన్ నిదానిస్తాంది."

"ఇక్కడ అందరికీ రెండేసి మానిటర్లే భువన గారూ."

ఒకప్పుడు ఎర్రగుంట్లలో అత్తకున్న అనుమానమే ఇప్పుడు బెంగళూరులో సారుకు వచ్చింది: ఈమె నిజంగా పనిచేస్తోందా?

"చూడండి," అన్నాడు దావీదురాజు, గొంతు తగ్గించి. "సోమవారం మధ్యాహ్నం క్లయింటు ముందు బేస్‌మెంట్ మొత్తం మీరే తిప్పి చూపించాలి. ఆ రోజు కూడా ఇట్లా ఆగితే నేను అడ్డం పడలేను. ఇంటినుంచి చేసేవాళ్ళను వెనక్కి పిలవమని పైవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. మొదటి పేరు మీదే అవుతుంది."

పిలిస్తే వెళ్ళాలి. వెళ్ళకపోతే ఉద్యోగం వదలాలి. వెళ్ళడమంటే మళ్ళీ హాస్టలు, మళ్ళీ ఆ బకెట్ల వరస. ఈసారి మొగుణ్ణి, ఇంటిని వదిలిపెట్టి. ఆ సోమవారానికి ఇంకా వారం ఉంది.

ఆ వారంలో లాప్‌టాప్‌కు జరగని వైద్యం లేదు. కంపెనీలో కంప్యూటర్లు చూసే అబ్బాయి ఫోన్లో చెప్పినట్టు పాత ప్రోగ్రాములు తీసేసింది, కొత్తవి వేసింది, తెరల నాణ్యత ఒక మెట్టు దించింది. కొంచెం తేలికపడింది, మళ్ళీ అంతే. సుబ్బయ్య తప్పంతా కరెంటుమీద వేశాడు.

"ఎండాకాలం మన వీధికి కరెంటు సగమే వొస్తాది. మన ఫ్రిజ్జు ఎట్ల మూలుగుతాందో ఇనపడలా నీకు?" అని ఫ్రిజ్జు కింది స్టెబిలైజర్ పీకి తెచ్చి ఆమె బల్లకింద పెట్టాడు. లాప్‌టాప్‌లో మార్పేమీ లేదు. ఫ్రిజ్జులో పాలు విరిగాయి.

చివరికి భువనకే ఒక ఉపాయం తోచింది. గది కిటికీకి నీళ్ళ కూలర్ బిగించి ఉంది. వేడి చేసినప్పుడు మనిషికి పనికొచ్చే గాలి మిషన్‌కు పనికిరాదా? కూలర్ మూతిని తనవైపు నుంచి గూటివైపు తిప్పింది. తాను చెమటలు కక్కుతూ కూర్చుంది. మిషన్‌కు మాత్రం చల్లటి తడిగాలి. మొదటి రోజు అద్భుతం. మోత తగ్గింది, మోడల్ గిరగిరా తిరిగింది. తన తెలివికి తానే మురిసిపోయింది. వేడి ఎంతో చూపించే చిన్న ప్రోగ్రాము వేసుకుని, అంకె తగ్గినప్పుడల్లా మొగుడికి ఫోన్ చేసి చెప్పింది.

రెండు మూడు రోజులు తిరిగేసరికి అంతా తలకిందులైంది. కూలర్ పెట్టకముందు కన్నా హీనం. ఇప్పుడు ఒక్క మానిటర్ తగిలించినా అంకె ఎగబాకేది. నీళ్ళు మరిగే వేడికి కాస్త ఇవతల ఆగేది, అక్కడే కూర్చునేది.

శుక్రవారం పొద్దున సుబ్బయ్య వేంపల్లెలో లోడు దించి వచ్చేసరికి భువన లాప్‌టాప్‌ను బోర్లా పెట్టుకుని మరలు విప్పుతోంది.

"ఏమే, ఎందుకు విప్పుతాండావు?"

"లోపల ఏముండాదో చూసేదాంకా నాకి నిద్ర పట్టదు. లైటు పట్టుకో."

"నాకియ్యి. లారీలు విప్పినోణ్ణి, ఇదొక లెక్కా?"

"లారీలో నువ్వు విప్పినాక రెండు నట్లు ఎప్పుడూ మిగుల్తాయి. లైటు పట్టుకో సాలు."

సుబ్బయ్య ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. మూత వచ్చింది. ఫ్యాను రెక్కలకు బూడిదరంగు దుమ్ము, అది ఊహించిందే. ఫ్యాను పక్కన, వేడిని బయటికి పంపే సన్నటి రేకులు దువ్వెన పళ్ళలా దగ్గరదగ్గరగా ఉంటాయి. భువన మెత్తటి బ్రష్షుతో వాటిని తుడిచింది. దుమ్ము కదల్లేదు. గట్టిగా తుడిచింది. కదల్లేదు. పిన్నీసు మొనతో గీరితే గోడ పెచ్చులా ఒక ముక్క ఊడి బల్లమీద టప్పుమని పడింది.

ఇద్దరూ దాన్ని చూశారు. సుబ్బయ్య వేళ్ళమధ్య నలిపాడు. నలగలేదు.

"ఇది దుమ్ము గాదే. సిమెంటు."

"మన ఊర్లో దుమ్మంటేనే సిమెంటు గదా."

"దుమ్మయితే ఊదితే పోతాది. ఇది గట్టిపడిండాది. నీళ్ళు తగలందే యాడ గట్టిపడతాది?"

భువన నెమ్మదిగా తలతిప్పి కూలర్‌ను చూసింది. సుబ్బయ్యకు నవ్వు పొంగుకొచ్చింది.

"నువ్వేనా దీనికి రోజూ నీళ్ళు పట్టింది!"

భువన కూలర్ వెనకనున్న కిటికీని చూసింది. కిటికీలోంచి బయట నిలిపిన లారీ ముందుభాగం కనబడుతోంది.

"సరే. మరి లారీ పట్ట నువ్వు యాడ దులుపుతావు?"

సుబ్బయ్య నవ్వు ఆగిపోయింది. ఇంటికి రాగానే లోడుమీద కప్పే పట్టను విప్పి, ఆ కిటికీ కిందే నిలబడి నాలుగుసార్లు దులిపి మడతపెట్టడం అతని అలవాటు. కూలర్ ఆ దుమ్మును వెనకనుంచి పీల్చింది, తడిపింది, ముందునుంచి గూట్లోకి, గలీబు కన్నాల్లోంచి లోపలికి కొట్టింది. వేడి రేకులమీద అది ఆరింది, మరుసటి రోజు ఇంకో పొర పడింది. సిమెంటు అతనిది, నీళ్ళు ఆమెవి. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక లాప్‌టాప్‌కు ప్లాస్టరింగ్ చేశారు.

"టైర్ల అంగడికి తీసకపోయి గాలి కొట్టించుకొస్తా, క్షణంలో పోతాది" అన్నాడు సుబ్బయ్య, తప్పు దిద్దుకునే తొందరలో.

"ఆ గాలి తగిల్తే ఫ్యాను రెక్కలు మళ్ళా వేంపల్లెలో వెతుక్కోవాల. నువ్వు పొయ్యి నీళ్ళు పోసుకో."

పొద్దున పూటంతా కూర్చుని ఆ రేకుల మధ్య ఒక్కో పెచ్చూ పిన్నీసుతో ఊడదీసింది. రెండు రేకులు వంగిపోయాయి, మిగతావి బతికాయి. బిగించి చూస్తే మోత సగానికి తగ్గింది. ఆమె లేచి ఒళ్ళు విరుచుకుంది. సోమవారం గండం గడిచిందనే అనుకుంది. ఆ మధ్యాహ్నం ఎండ కాంక్రీటు కప్పుమీదికి వచ్చేసరికి అంకె మళ్ళీ పైకి పాకింది.

అప్పుడు భువన చదువుకున్న మనిషిలా ఆలోచించడం మొదలుపెట్టింది. అంతవరకూ భయపడ్డ మనిషిలా ఆలోచించింది. ఎదురుపడ్డ ప్రతిదాన్నీ ఒకేసారి మార్చేసి, దేనివల్ల ఏం జరిగిందో తెలియకుండా చేసుకుంది. శనివారం ఒక్కటొక్కటే మార్చి చూసింది. గలీబు తీసింది: కొంచెం దిగింది. మూసి ఉన్న మూత తెరిచింది: ఇంకొంచెం దిగింది, మీటల సందుల్లోంచి కూడా వేడి బయటికి పోతుంది మరి. గూట్లోంచి తీసి నల్లబండ మీద పెట్టి, కింద రెండు సీసా మూతలు ఎత్తుపెట్టింది: అన్నింటికన్నా ఎక్కువ దిగింది. మూడువైపులా గోడ ఉన్న గూట్లో, మిషన్ తాను వదిలిన వేడిగాలినే తిరిగి పీల్చుకుంటూ కూర్చుందన్నమాట.

రామసుబ్బమ్మ వచ్చి చూసింది. "నేను కుట్టిన గలీబు పీకేసినావా?"

"దానికి ఉడకపోస్తాంది అత్తా."

"మిక్సీకి పొయ్యలేదే?"

"మిక్సీ పొద్దంతా తిరగదు గదా."

"నువ్వు మాత్రం ఏం తిప్పుతాండావు, కూచున్న చోటినుంచి లేయకుండా" అని గలీబు తీసుకుని, దాన్ని దులుపుకుంటూ వెళ్ళిపోయింది రామసుబ్బమ్మ. దులపడం మాత్రం కిటికీకి దూరంగా పోయి దులిపింది. విషయం ఆమెదాకా చేరింది.

ఇన్ని చేసినా ఒకటి మిగిలింది. కాంక్రీటు గదిలో మధ్యాహ్నం పూట రెండు మానిటర్లు నడవవు. పెద్ద మోడల్ తిప్పితే ఒక్కటి కూడా కుంటుతుంది. ఆదివారం లాప్‌టాప్‌ను, ఒక మానిటర్‌ను పాత ఇంటి సావడిలోకి మోసుకెళ్ళి బండమీద పెట్టి చూసింది. మట్టి మిద్దె కింద, రాతిగోడల నడుమ, అదే ఎండలో, అదే మోడల్ చప్పుడు లేకుండా తిరిగింది. రెండోది తగిలిస్తే మళ్ళీ మూలిగింది. తీసేస్తే ఊరుకుంది.

జవాబు దొరికింది. దొరికిన జవాబు ఆమెకు నచ్చలేదు. ఆ రెండు తెరల్లో ఒకటి తీసేసి, గది వదిలేసి, నేలమీద గోడకు ఆనుకుని కూర్చోవడమంటే ఇన్నాళ్ళూ ఎక్కిన మెట్లన్నీ దిగడమే. అక్కడ కూర్చున్న భువనను ఆ ఇల్లు ఎన్నడూ ఉద్యోగస్తురాలిగా చూడలేదు. మొన్నటిదాకా కరెంటును, సాఫ్ట్‌వేర్‌ను, కంపెనీని, మొగుణ్ణి తిట్టుకుంటూ తిరిగిందంటే, ఈ ఒక్క జవాబుకు రాకుండా తప్పించుకోవడానికే కావచ్చు.

"పాతింట్లో కూచుంటే సరిపాయె గదా, ఇంత ఆలోచనేంది?" అన్నాడు సుబ్బయ్య.

"ఆడ కూచుంటే నేను పనిలో ఉండానని ఎవరికి తెలుస్తాది?"

"నాకి తెలుసు గదే."

"నువ్వు లారీలో ఉంటావు."

సుబ్బయ్య తల గోక్కున్నాడు. "అమ్మకు చెప్తా అయితే."

"వొద్దు. నువ్వు చెప్తే నువ్వు చెప్పినందుకు వింటాది."

సోమవారం మధ్యాహ్నం సావడిలో మామూలుగానే కాయల రాశి, చుట్టూ ఆడవాళ్ళు. భువన స్తంభం పక్కన బండమీద లాప్‌టాప్ తెరిచి పెట్టుకుంది. ఒక్క మానిటర్‌ను గోడకు ఆనించింది. పక్కింటి మద్దమ్మ అటువైపు మెడ సాచింది.

"ఏమమ్మా భువనా, ఆఫీసు ఈడికి వొచ్చిందే?"

"లోపల దానికి ఎండ తగుల్తాదంట," అంది రామసుబ్బమ్మ. "మన కోడళ్ళకే గాదు, మిషన్లకు గూడా సుకుమారం వొచ్చింది."

అందరూ నవ్వారు. భువన కూడా నవ్వింది, చెవులకు ఫోన్ తగిలించుకుంది.

దావీదురాజు పలకరించాడు. క్లయింటు తరఫు ఇంజనీరు, పేరు చెప్పుకుని, వెంటనే పనిలోకి వచ్చాడు. పెద్దమనిషి, తొందర మనిషి. మట్టి ఒత్తిడిని ఆపే వెలుపలి గోడ దగ్గర మొదలుపెట్టమన్నాడు. భువన తిప్పింది. తిరిగింది. లోపలికి వెళ్ళమన్నాడు, వెళ్ళింది. కార్లు దిగే వాలు ఆ గోడతో కలిసే మూల చూపించమన్నాడు. ఆ మూలలో మూడువైపుల కడ్డీలు ఒకచోట గుమిగూడతాయి. సిమెంటు దిగడానికి సందు మిగలకపోతే గోడలో డొల్ల పడుతుంది. అక్కడ ఒక వరస కడ్డీని భువన కావాలనే పక్కకు జరిపింది. ఎందుకు జరిపావని అడిగాడు. మౌస్ బాణం ఆమె చెయ్యి ఎటు పోతే అటు పోతోంది. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఇన్ని వారాల తర్వాత మొదటిసారి, మిషన్‌ను మరిచిపోయి మాట్లాడింది.

సరిగ్గా అప్పుడు వీధి తలుపు తీసుకుని రామసుబ్బమ్మ అన్న లోపలికి వచ్చాడు. కమలాపురంనుంచి, విత్తనాలు ఎంతవరకు వచ్చాయో చూసిపోదామని.

"మ్మే భువనా!" అని కేకవేసింది రామసుబ్బమ్మ. "పెద్దాయన ఎండన పడి వొచ్చినాడు. ఆ పెట్టె రోంతసేపు మూసి లోపలికి పొయ్యి మజ్జిగ తీసకరా."

మైకు తెరిచే ఉంది. బెంగళూరులో ఇంజనీరు మాట ఆగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

భువన చెయ్యి తనకు తెలియకుండానే మూతమీదికి పోయింది. ఆ చేతికి ఆ కేక ఎరుకే. ఏళ్ళ తరబడి ఆ కేకకు అది మూసింది. ఆ తర్వాత రెండు తెరలు నిలబడి ఆమె బదులు జవాబు చెప్పాయి కనుక, ఆమె నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆ తెరల్లో ఒకటి గోడకు జారగిలబడి ఉంది, ఇంకోటి గదిలో చీకట్లో ఉంది. చెయ్యి మూతమీద ఉంది. ఇక్కడ మూస్తే బెంగళూరే.

మైకు ఆపలేదు. ఆపాలని తోచలేదు.

"అత్తా, నేను పనిలో ఉండా. ఇది అయ్యేదాంకా లెయ్యను. మజ్జిగ నువ్వే పొయ్యి."

గట్టిగా అనలేదు, మెత్తగానూ అనలేదు. మద్దమ్మ వేళ్ళమధ్య కాయ చిట్లకుండా ఆగిపోయింది. రామసుబ్బమ్మ నోరు తెరిచింది, అన్నవైపు చూసింది, మళ్ళీ కోడలివైపు చూసింది. భువన అప్పటికే తెరవైపు తిరిగింది. పెద్దాయన మాత్రం "ఏం తొందర లేదులేమ్మా, కానీ కానీ" అంటూ తువ్వాలుతో విసురుకుంటూ స్తంభం అవతల కూర్చున్నాడు. కాసేపటికి రామసుబ్బమ్మ మోకాళ్ళమీద చేతులు ఆనించి లేచింది. లోపల గిన్నెలు అవసరమైనదాని కన్నా గట్టిగా మోగాయి.

"భువన గారూ," అన్నాడు దావీదురాజు, "ఆ మూల ఇంకోసారి చూపిస్తారా?"

చూపించింది. ఇంజనీరు ఒకచోట మార్పు అడిగాడు. అది కుదరదని భువన అంది. ఎందుకు కుదరదో కడ్డీలను విడదీసి చూపించింది. ఆయన సరేనన్నాడు. మోడల్ ఒక్కసారి కూడా ఆగలేదు.

అంతా అయ్యాక దావీదురాజు విడిగా ఫోన్ చేశాడు.

"మిషన్ మార్చారా?"

"లేదు సార్. చోటు మార్చినా." మిగతాదీ చెప్పేసింది: గూడు, గలీబు, కూలరు, పట్ట, అన్నీ. దాచిపెడితే రేపు ఇంకోటి కల్పించాలి, అంత తీరిక ఆమెకు లేదు. "రెండు మానిటర్లని మీకు చెప్పినా గానీ, సగం తప్పు మా ఇంటిదే. వానలు పడేదాంకా ఒక్క మానిటర్‌తోనే చేస్తా. పెద్ద పని పొద్దున్నే పెట్టుకుంటా."

అటునుంచి నవ్వు వినిపించింది. "సిమెంటు ఊరోళ్ళు సిమెంటు ఊరోళ్ళే. సరే, మీ పేరు ఇప్పటికి ఎవరూ ఎత్తరు. వచ్చే ఏడు ఏమంటారో నాకూ తెలీదు." తర్వాత, ఆఫీసు గొంతు పక్కన పెట్టి, "వెనక కేకేసింది ఎవురు, మీ అత్తనా? మా అమ్మా అంతే. మీటింగ్ మధ్యలో ఫోన్ చేసి తిన్యావా అంటాది."

ఫోన్ పెట్టేసి చూస్తే సావడిలో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. వచ్చినాయన వెళ్ళిపోయాడు. రామసుబ్బమ్మ ఆమెవైపు చూడకుండా కాయలు చిట్లగొడుతోంది. స్తంభం పక్కన బండమీద, తీగలకు కాస్త ఎడంగా, ఒక గ్లాసు మజ్జిగ పెట్టి ఉంది. భువన ఎత్తి ఒక గుక్క తాగింది.

"ఉప్పు లేదే అత్తా?"

రామసుబ్బమ్మ తల ఎత్తలేదు. "ఉప్పు డబ్బా లోపలుండాది. ఇప్పుడు పని అయిపాయె గదా, లేసి ఏసుకో."

భువన లేచి వెళ్ళి వేసుకుంది.